తుడిస్తే పోని తుప్పు: ఇనుప ఉల్కల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఇనుప ఉల్క కొనుక్కున్నవాళ్లు, ఎవరో బహుమతిగా ఇస్తే అపురూపంగా దాచుకున్నవాళ్లు రాసే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ మీద ఉంటున్నాయి: తుప్పు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం. వెనిగర్, నిమ్మ ఉప్పు, సోడా, క్లీనర్లు అంటూ ఇంట్లో చేతికి అందే వాటి గురించే అందరూ అడిగారు కాబట్టి జవాబులు కూడా వాటి చుట్టూనే ఉంటాయి.

ప్రశ్న: నా దగ్గర అరచేతిలో పట్టేంత కాంపో డెల్ సియెలో (అర్జెంటీనాలో దొరికే ఇనుప ఉల్క) ముక్క ఉంది. కొన్నప్పుడు వెండిలా మెరిసేది. కొన్ని నెలలకే సన్నటి పగుళ్ల దగ్గర గోధుమరంగు మచ్చలు వచ్చాయి. ఇత్తడి బ్రష్‌తో రుద్దితే పోతున్నాయి, కానీ మళ్లీ సరిగ్గా అదే చోట వస్తున్నాయి. ఒక రాత్రంతా వెనిగర్‌లో ఉంచితే శాశ్వతంగా పోతాయా?

జవాబు: పోవండీ. పైన కనిపించే తుప్పు పోతుంది, తీసి చూస్తే ముక్క బూడిదరంగులో శుభ్రంగా ఉంటుంది, హమ్మయ్య అనుకుంటారు, కొద్ది రోజులకే మళ్లీ మొదలవుతుంది, చాలాసార్లు ముందుకన్నా ఎక్కువగా. మీరు తుడుస్తున్నది తుప్పుని మాత్రమే, దాన్ని పుట్టిస్తున్నది లోపలే ఉండిపోతోంది. ఆ లోపలున్నది క్లోరైడ్.

"సరిగ్గా అదే చోట" అని రాశారు చూడండి, మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట అదే. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున ఒక భూతద్దం పెట్టి ఆ మచ్చల్ని చూడండి. ఆవగింజ కన్నా చిన్న చుక్కలు, పసుపు కలిసిన గోధుమరంగులో, లోహానికి చెమట పట్టినట్టు కనిపిస్తాయి. అవి ఎండితే బుడిపెల్లా మారతాయి, సూదిమొనతో తాకితే పైపెంకు పుటుక్కున విరుగుతుంది, లోపల గుల్ల. ఆ చుక్కలు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు, మీ ముక్కలో క్లోరైడ్ ఉంది.

అది ఎలా చేరిందంటే, ఉల్క నేలలో ఉన్నన్నాళ్లూ మట్టి నీటిలోని ఉప్పు పగుళ్ల గుండా లోపలికి ఇంకుతుంది. కాంపో డెల్ సియెలో ముక్కలు అర్జెంటీనా మట్టిలో నాలుగైదు వేల ఏళ్లు పడి ఉన్నవి, ఇంకడానికి కావలసినంత సమయం దొరికింది. ఇనుము కరుగుతున్న చోట ధనావేశం ఉన్న ఇనుము అయాన్లు తయారవుతాయి, వాటికి సరిజోడుగా ఋణావేశం ఉన్న క్లోరైడ్ అయాన్లు అక్కడికే చేరతాయి. అంటే తుప్పు పొరకీ మంచి లోహానికీ మధ్యన, ఏ చోట ఉండకూడదో అక్కడే, ఐరన్ క్లోరైడ్ గాఢంగా పోగుపడుతుంది. అది గాలిలోని తేమను లాగి తడిసిపోతుంది, ఆక్సిజన్ తగలగానే తుప్పుగా మారుతూ ఆమ్లాన్ని వదులుతుంది, ఆ ఆమ్లం పక్కనున్న కొత్త లోహాన్ని తింటుంది, దాంతో మళ్లీ ఐరన్ క్లోరైడ్ తయారు. ఇంత జరిగినా క్లోరైడ్ ఖర్చవదు. కొంచెం ఉన్నా చాలు, తేమ దొరికినన్నాళ్లూ అదే పని మళ్లీ మళ్లీ చేస్తూ పోతుంది.

ఈ జబ్బుకి పాతకాలం నుంచి ఒక ఖనిజాన్ని నిందించేవారు. దాని పేరు లారెన్సైట్, అది ఉల్కతోపాటే అంతరిక్షం నుంచి వచ్చిందనుకునేవారు. ఇప్పటికీ అమ్మకందారుల్లో "లారెన్సైట్ జబ్బు" అనే మాట వినిపిస్తుంది. 1989లో బుక్వాల్డ్, క్లార్క్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అంటార్కిటికాలో దొరికిన ఇనుప ఉల్కల తుప్పుని పరిశీలించి, క్లోరిన్ భూమి మీదే చేరిందనీ, అది అకగానైట్ అనే ఒక రకం తుప్పులో దాక్కుని ఉంటుందనీ చూపించారు. ఇది మనకి మంచి వార్తే. ఉల్కకి పుట్టుకతో వచ్చిన లోపం కాదు, భూమి మీద అంటుకున్నది, కాబట్టి ఓపిక ఉంటే చాలావరకు బయటికి లాగొచ్చు. ఎలాగో కింద కాస్టిక్ సోడా ప్రశ్న దగ్గర చెప్తాను.

ప్రశ్న: ఇనుప ఉల్కల్లో నికెల్ ఉంటుందని చదివాను. నికెల్ ఉంటే స్టెయిన్‌లెస్ స్టీల్‌లా తుప్పు పట్టకూడదు కదా?

జవాబు: స్టెయిన్‌లెస్ స్టీల్‌ని కాపాడేది ప్రధానంగా క్రోమియం, నికెల్ కాదు. ఉల్కల లోహంలో క్రోమియం లెక్కలోకి రానంత తక్కువ. పైగా నికెల్ అంతటా సమానంగా ఉండదు. కామసైట్ అనే భాగంలో 5 నుంచి 7 శాతం దాకా, టేనైట్ అనే భాగంలో 25 శాతం పైన కూడా ఉంటుంది. రెండూ పక్కపక్కనే ఉండి తడి తగిలితే చిన్న బ్యాటరీ తయారైనట్టే, నికెల్ తక్కువున్న కామసైట్ కరిగిపోతుంది, టేనైట్ మిగులుతుంది. అందుకే తుప్పు పైపైన పాకడంతో ఆగకుండా ఈ పొరల అంచుల వెంబడి లోతుకి దిగిపోతుంది. నమీబియాలోని హోబా ఉల్కలో సుమారు 16 శాతం నికెల్ ఉంది, దాని చుట్టూ కూడా తుప్పు మట్టి పేరుకునే ఉంది.

నికెల్ కన్నా పొడి వాతావరణం ఎంత గట్టిగా కాపాడుతుందో తెలియాలంటే ప్రాచీన ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ బాకు చూడండి. సుమారు 3,300 ఏళ్ల కిందటిది. దాని ఇనుములో దాదాపు 11 శాతం నికెల్ ఉందని, అది ఉల్కా లోహమేనని 2016లో ఎక్స్‌రే పరీక్షతో తేల్చారు. పొడి సమాధిలో, గుడ్డల మధ్య పడి ఉన్న ఆ బాకు దాదాపు తుప్పు లేకుండా బయటపడింది. అంత నికెల్ ఉన్న హోబా ఆరుబయట తుప్పు పట్టింది, అంతకన్నా తక్కువ నికెల్ ఉన్న బాకు పొడిలో నిలిచింది.

ప్రశ్న: వెనిగర్, నిమ్మ ఉప్పు, కోలా డ్రింక్, టాయిలెట్ క్లీనర్, బ్లీచ్, తుప్పు వదిలించే లిక్విడ్‌లు... వీటిలో ఏది వాడాలి? వెనిగర్‌లో ఉప్పు కలిపితే త్వరగా పని చేస్తుందని కూడా విన్నాను.

జవాబు: ముందు ఉప్పు సంగతి తేల్చేద్దాం. ఉప్పు అంటేనే సోడియం క్లోరైడ్. పాత పనిముట్లకి ఆ చిట్కా త్వరగా పని చేస్తుంది, నిజమే, కానీ ఉల్క నుంచి ఏది బయటికి లాగాలని మన తాపత్రయమో దాన్నే గిన్నెడు తెచ్చి లోపలికి పంపినట్టవుతుంది. వద్దు.

టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. తుప్పుని క్షణాల్లో కరిగిస్తుంది కాబట్టి చూడటానికి బాగుంటుంది, అదీ క్లోరైడే. బ్లీచ్‌లోనూ క్లోరిన్ సమ్మేళనాలే, పైగా అది ఇనుము మీద తుప్పుని తగ్గించదు, పెంచుతుంది. ఇంకో మాట, దీన్ని మాత్రం గట్టిగా పట్టించుకోండి: బ్లీచ్‌ని వెనిగర్‌తో గానీ, నిమ్మ ఉప్పుతో గానీ, టాయిలెట్ క్లీనర్‌తో గానీ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన బాత్‌రూమ్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నిద్దాం అనుకుని అదే గిన్నె వాడేవాళ్లకే ఈ ప్రమాదం ఎక్కువ.

వెనిగర్ మెల్లగా పని చేస్తుంది, మామూలుగా 5 శాతం దాకా ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది. దాని ఇబ్బంది ఏమిటంటే పగుళ్లలో మిగిలిపోతే ఆ ఆవిరే మళ్లీ ఇనుముని తింటుంది. నా ఓటు నిమ్మ ఉప్పుకి, అంటే సిట్రిక్ ఆమ్లానికి. లీటరు డిస్టిల్డ్ వాటర్‌కి 50 గ్రాములు చాలు, అందులో చిటికెడు చొప్పున వంట సోడా వేస్తూ పొంగు తగ్గనిస్తూ కాస్త ఆమ్లత్వం తగ్గిస్తే ఇంకా మంచిది, తుప్పుని పట్టి లాగే గుణం ఉంటూనే లోహాన్ని తినడం తగ్గుతుంది. ముక్కని అందులో వేసి వెళ్లిపోవద్దు. అరగంటకోసారి తీసి మెత్తటి బ్రష్‌తో తోమి, చూసి, అవసరమైతేనే మళ్లీ వేయండి. బూడిదరంగు లోహం కనిపించడం మొదలైతే ఆపేయండి.

ఆమ్లంలో వేయగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే కంగారు పడకండి, కానీ కిటికీలు మాత్రం తెరవండి. చాలా ఇనుప ఉల్కల్లో ట్రాయిలైట్ అనే ఇనుము-గంధకం ఖనిజం గుండ్రటి ముద్దలుగా ఉంటుంది, పాలిష్ చేసిన ముక్కలో కంచు రంగులో కనిపిస్తుంది. ఆమ్లం దాన్ని కరిగించినప్పుడు వచ్చేదే హైడ్రోజన్ సల్ఫైడ్, అది విషవాయువు. వాసన వచ్చిందంటే ఉల్కలో ఒక భాగం కరిగిపోతోందని కూడా అర్థం, అక్కడ గుంట పడుతుంది, అది తిరిగి రాదు. వెంటనే తీసేయండి.

కోలాలో ఉన్నది కొద్దిపాటి ఫాస్ఫారిక్ ఆమ్లం, దానికోసం చక్కెర పాకాన్ని పగుళ్లలోకి ఎక్కించడం దండగ. ఆక్సాలిక్ ఆమ్లం మరకల్ని బాగా తీస్తుంది గానీ విషం, పైగా లోహం మీద ఒక్కోసారి పసుపు పొరని వదిలిపోతుంది, అది తీయడం ఇంకో తలనొప్పి. తుప్పుని నల్లగా మార్చే "రస్ట్ కన్వర్టర్" లిక్విడ్‌లు గేట్లకీ గ్రిల్స్‌కీ మంచివే, ఉల్కకి మాత్రం వద్దు, రంగు మారిపోతుంది, క్లోరైడ్ ఆ నల్ల పొర కింద హాయిగా ఉండిపోతుంది.

ఆమ్లం కాకుండా, ఇనుము అయాన్లని పట్టుకునే పదార్థాలతో చేసిన తుప్పు లిక్విడ్‌లు దొరుకుతాయి, సీసా మీద "ఆమ్లం లేదు" అని రాసి ఉంటుంది. పైతుప్పు తీయడానికి ఇంట్లో వాడదగ్గవాటిలో నాకు నచ్చినవి అవే. నెమ్మదిగా పని చేస్తాయి, లోహాన్ని దాదాపు ముట్టుకోవు. కానీ ఇవీ పైతుప్పు వరకే, లోపలి క్లోరైడ్ కోసం కింది జవాబు చదవాల్సిందే.

ప్రశ్న: కాస్టిక్ సోడాలో నానబెట్టే పద్ధతి వివరంగా చెప్పండి. కొందరు ఆల్కహాల్‌లో కలపమంటున్నారు, కొందరు నీళ్లలో. ఎన్నాళ్లు నానాలి?

జవాబు: ఇది అసలైన చికిత్స. పురావస్తు శాఖల వాళ్లు తవ్వకాల్లో దొరికిన ఇనుప వస్తువులకి చాలాకాలంగా వాడుతున్న దారి కూడా ఇదే. కాస్టిక్ సోడాలోని హైడ్రాక్సైడ్ అయాన్లు తుప్పులోకి దిగి క్లోరైడ్ స్థానాన్ని ఆక్రమిస్తాయి, క్లోరైడ్ నెమ్మదిగా నీళ్లలోకి వచ్చేస్తుంది. అంత గాఢమైన క్షారంలో ఇనుముకి కొత్తగా తుప్పు పట్టడం దాదాపు ఆగిపోతుంది కాబట్టి వారాల తరబడి నీళ్లలో ఉన్నా భయం లేదు. మామూలు నీళ్లలో ఇది కుదరదు.

లీటరు డిస్టిల్డ్ వాటర్‌కి 20 గ్రాముల కాస్టిక్ సోడా. కుళాయి నీళ్లు వద్దు, వాటిలోనే క్లోరైడ్ ఉంటుంది. నీళ్లలోకి సోడా కొద్దికొద్దిగా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు, బాగా వేడెక్కి చిమ్ముతుంది. కళ్లకి మూసి ఉండే అద్దాలు, చేతులకి రబ్బరు గ్లోవ్స్ తప్పనిసరి. కంట్లో పడితే ఆమ్లం కన్నా ఇదే ఎక్కువ హాని చేస్తుంది, వెంటనే ధారగా నీళ్లతో కడుగుతూ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అల్యూమినియం గిన్నె వాడితే గిన్నె కరిగిపోతుంది, హైడ్రోజన్ వస్తుంది. మూత ఉన్న మందపాటి ప్లాస్టిక్ డబ్బా చాలు, పిల్లలకి అందకుండా, పైన పేరు రాసి పెట్టండి.

దానికి ముందు జిడ్డు, నూనె, మైనం ఏమున్నా అసిటోన్‌తో కడిగేయాలి, జిడ్డు ఉంటే సోడా లోపలికి పోదు. వదులుగా ఉన్న తుప్పుని బ్రష్‌తో తీసేయాలి. తర్వాత ముక్క పూర్తిగా మునిగేలా వేసి మూత పెట్టండి. మొదట్లో వారానికోసారి ద్రావణం మార్చండి. నీళ్లు పసుపు, గోధుమరంగులోకి తిరగడం మామూలే. చిన్న ముక్కకి కొన్ని వారాలు, పగుళ్లున్న పెద్ద ముక్కకి నెలలు పడుతుంది. తొందర పడితే చేసినదంతా వృథా అవుతుంది, ఎందుకంటే ఈ పనిలో వేగాన్ని నిర్ణయించేది రసాయనం కాదు, సన్నటి పగులు గుండా అయాన్లు నడిచి రావడానికి పట్టే సమయం.

ఎప్పుడు ఆపాలో తెలియడానికి సిల్వర్ నైట్రేట్ పరీక్ష ఉంది. ఇది ఇంటి సరుకు కాదు, ఏ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లోనైనా ఉంటుంది, తెలిసినవాళ్లుంటే కొంచెం ద్రావణం తీసుకెళ్లి చేయించండి. ముందు నైట్రిక్ ఆమ్లంతో క్షారాన్ని పూర్తిగా పోగొట్టి అప్పుడు సిల్వర్ నైట్రేట్ చుక్క వేయాలి, లేకపోతే క్లోరైడ్‌తో సంబంధం లేకుండా గోధుమరంగు మడ్డి వచ్చి మోసపోతారు. పాలలా తెల్లబడితే ఇంకా క్లోరైడ్ వస్తున్నట్టు. స్వచ్ఛంగా ఉంటే ఆపొచ్చు.

ఆల్కహాల్‌లో కలిపే పద్ధతీ సేకరణదారుల్లో బాగా వాడుకలో ఉంది. నీళ్లు తక్కువ కాబట్టి ముక్క త్వరగా ఆరుతుంది. కానీ మంటంటుకునే ద్రవం, క్షారం రెండూ ఒకే డబ్బాలో వారాల పాటు ఇంట్లో ఉంచడం నాకిష్టం లేదు. క్లోరైడ్ లవణాలు ఆల్కహాల్ కన్నా నీళ్లలోనే బాగా కరుగుతాయి కూడా. నీళ్లతోనే చేయండి.

నానడం అయ్యాక డిస్టిల్డ్ వాటర్‌లో చాలాసార్లు కడగాలి, వేడి నీళ్లయితే ఇంకా మంచిది. ఆ వెంటనే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచితే పగుళ్లలోని నీళ్లని అది తోసేస్తుంది. తీసి గాలి ఆడే చోట ఆల్కహాల్ వాసన పూర్తిగా పోయేదాకా ఆరనివ్వండి, ఆ తడితో ఓవెన్‌లో పెడితే అంటుకుంటుంది. తర్వాత ఓవెన్‌లో 100 నుంచి 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు. అంతకు మించి వేడి చేయకండి, బ్లోటార్చ్ మాట అసలే తలపెట్టకండి. కొన్ని వందల డిగ్రీలు దాటితే లోహం లోపలి అమరికే మారిపోతుంది. అలా ఎప్పుడో ఎవరో కాల్చడం వల్ల పరిశోధనకి పనికిరాకుండా పోయిన ఉల్కలు మ్యూజియంలలో కూడా ఉన్నాయి.

ప్రశ్న: బ్యాటరీ చార్జర్‌తో, చాకలి సోడా నీళ్లలో కరెంట్ పెట్టి తుప్పు తీయొచ్చా?

జవాబు: పగుళ్లు లేని గట్టి ముక్క అయితే తీయొచ్చు. పొరలుగా విడిపోతున్న ముక్క అయితే వద్దు, లోహం మీద పుట్టే హైడ్రోజన్ బుడగలు ఆ పొరల్ని విడగొట్టేస్తాయి. ఉల్కని నెగటివ్ వైపు కట్టాలి, ఇది తారుమారైతే తుప్పు బదులు ఉల్క కరుగుతుంది. పాజిటివ్ వైపు మామూలు ఇనుప రేకు పెట్టండి, స్టెయిన్‌లెస్ స్టీల్ పెడితే నీళ్లలోకి విషపూరితమైన క్రోమియం వస్తుంది. ఉప్పు వేయకూడదని మళ్లీ చెప్పక్కర్లేదనుకుంటాను. హైడ్రోజన్ పేలే వాయువు కాబట్టి ఆరుబయట చేయండి, నిప్పు దగ్గర ఉండకూడదు, చేయి పెట్టే ముందు కరెంట్ తీసేయండి. ఇందులో ఒక లాభం ఉంది, ఋణావేశం ఉన్న క్లోరైడ్ ఉల్కని వదిలి పాజిటివ్ రేకు వైపు పోతుంది. తీసిన ముక్కని గాలికి వదిలేస్తే నిమిషాల్లో నారింజరంగు తిరుగుతుంది, అందుకే కడగడం, ఆల్కహాల్, ఓవెన్ అన్నీ పైన చెప్పినట్టే వెంటవెంటనే జరగాలి.

ప్రశ్న: నాది గీతలు గీతలుగా డిజైన్ కనిపించే పలుచని బిళ్ల. ఒక మూల తుప్పు పట్టింది. ఆమ్లం పెడితే డిజైన్ చెరిగిపోతుందా?

జవాబు: ఆ డిజైన్ ఆమ్లంతోనే బయటపడింది, అడ్డదిడ్డంగా ఆమ్లం పెడితే దానితోనే పాడవుతుంది కూడా. దీని వెనక కథ మీ ప్రశ్నకి దగ్గరగా ఉంది కాబట్టి చెప్తాను. 1804లో నేపుల్స్‌లో ఉన్న విలియం థామ్సన్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త సైబీరియా నుంచి వచ్చిన క్రాస్నోయార్స్క్ ఉల్క ముక్కకి పట్టిన తుప్పు తీద్దామని నైట్రిక్ ఆమ్లం పూశాడు. తుప్పు పోయిన చోట ఎవరూ అంతకుముందు చూడని గీతల అల్లిక కనిపించింది, ఆయన దాన్ని ప్రచురించాడు. 1808లో వియన్నాలో విడ్మన్‌స్టాటెన్ అనే ఆయన వేరే దారిలో అదే చూశాడు, ఆ గీతలకి ఆయన పేరే స్థిరపడింది. తుప్పు తీయబోయి చూసినవాడి పేరు చాలామందికి తెలియదు, నాకెప్పుడూ అది అన్యాయం అనిపిస్తుంది.

ఆ గీతలు కామసైట్, టేనైట్ పొరలు. గ్రహశకలం లోపల లోహం పది లక్షల ఏళ్లకి కొన్ని డిగ్రీలో, కొన్ని వందల డిగ్రీలో, కొన్ని ఉల్కల్లో వేల డిగ్రీలో చొప్పున చల్లారుతుంటే పెరిగినవి. ఏ ఫ్యాక్టరీలోనూ అంత తీరికగా లోహం చల్లారదు. అందుకే ఆ బిళ్ల మీద ప్రయోగాలు చేయొద్దంటాను.

మూల తుప్పు మాత్రమే అయితే దూదిపుల్లకి ఆల్కహాల్ అద్ది, మెత్తటి మెటల్ పాలిష్ చాలా కొద్దిగా పెట్టి, గీతలు నడిచిన దిశ చూసుకుని నెమ్మదిగా తుడవండి. కాస్త మెరుపు తేడా వస్తుంది, డిజైన్ పోదు. తుప్పు లోతుగా ఉంటే బిళ్లని మళ్లీ ఎమరీ పేపర్‌తో సాన పట్టి కొత్తగా ఆమ్లం పెట్టించాలి, గీతలు పైపూత కాదు కాబట్టి కొత్త ముఖం మీద మళ్లీ కనిపిస్తాయి. అది నైట్రిక్ ఆమ్లం, ఆల్కహాల్ కలిపి చేసే పని, ఇంట్లో చేయొద్దు. ఆ మిశ్రమం పాళ్లు తప్పినా, మూత బిగించి ఉంచినా పేలగలదు. వెనిగర్‌తో ఆ పని అవుతుందేమో అని అడగబోతారేమో, అవదు, మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది.

ప్రశ్న: నా దగ్గర సిఖోటే-అలిన్ (రష్యాలో పడిన ఇనుప ఉల్క) ముక్క ఉంది. నీలం కలిసిన నల్లటి పైపొర, బొటనవేలితో నొక్కినట్టు గుంటలు. గుంటల్లో అక్కడక్కడా తుప్పు. నిమ్మ ఉప్పులో వేయనా?

జవాబు: వేయకండి, దయచేసి. ఆ పైపొర 1947 ఫిబ్రవరి 12న అది వాతావరణంలోంచి దూసుకొచ్చినప్పుడు పైలోహం కరిగి గడ్డకట్టింది, మిల్లీమీటరు మందం కూడా ఉండదు. అది కూడా ఇనుము ఆక్సైడే కాబట్టి తుప్పుకీ దానికీ తేడా ఆమ్లానికి తెలియదు, రెండింటినీ లాగేస్తుంది. ఆ ఉల్క పడటం జనం కళ్లారా చూశారు, పడి ఎక్కువ కాలం కాలేదు, త్వరగా ఏరిన ముక్కల్లో క్లోరైడ్ సాధారణంగా తక్కువే. వెదురుపుల్ల మొనతో గుంటల్లోని తుప్పుని గీకి, ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరబెట్టి, సన్నటి మిషన్ ఆయిల్ పొర ఇవ్వండి. కొంచెం గోధుమరంగు మిగిలితే మిగలనివ్వండి.

ప్రశ్న: పల్లసైట్ (లోహంలో స్ఫటికాలు పొదిగి ఉండే ఉల్క) బిళ్లకి ఇవన్నీ వర్తిస్తాయా?

జవాబు: నానబెట్టడం వర్తించదు. లోహంలో పొదిగిన ఆకుపచ్చ ఆలివిన్ స్ఫటికాల చుట్టూ ఉన్న సందులే తుప్పుకి దారి, ద్రవం పోయేదీ అటునుంచే, ఆరనిదీ అక్కడే. ఆమ్లం పెడితే స్ఫటికాలు వదులై రాలిపోతాయి. పొడిగా ఉంచడం, పైపైన తుడవడం, అంతే.

ప్రశ్న: పొలంలో చాలా బరువైన తుప్పు పట్టిన రాయి దొరికింది, అయస్కాంతానికి అంటుకుంటోంది. ఉల్క అని నా నమ్మకం. నిపుణులకి చూపించే ముందు శుభ్రం చేయనా?

జవాబు: ఏమీ చేయొద్దు. మట్టి కూడా మెత్తటి పొడి బ్రష్‌తో దులిపితే చాలు. అయస్కాంతానికి అంటేవన్నీ ఉల్కలు కావు, లోహపు చిట్టెం, మాగ్నటైట్ రాళ్లు, పాత ఇనుప యంత్రాల ముక్కలు అన్నీ అంటుకుంటాయి, ఇలా దొరికేవాటిలో చాలావరకు అవే. నిజంగా ఉల్క అయితే ఆ తుప్పులో, దాని కింద మిగిలిన పైపొరలో నిపుణుడికి కావలసిన సమాచారం ఉంటుంది, మీరు నిమ్మ ఉప్పుతో కడిగేస్తే అది డ్రెయిన్‌లోకి పోతుంది. బలమైన నియోడిమియం అయస్కాంతంతో మళ్లీ మళ్లీ రుద్దకండి, ఉల్క అయితే దానిలో మిగిలి ఉన్న పురాతన అయస్కాంత గుర్తులు చెరిగిపోతాయి. దొరికిన చోటు ఫోటో తీసి, తేదీ రాసిపెట్టి, భూగర్భశాస్త్ర విభాగం ఉన్న ఏదైనా విశ్వవిద్యాలయానికి చూపించండి. ఉల్క అని తేలి అధికారికంగా నమోదు కావాలంటే నమూనా ఇవ్వాల్సి ఉంటుంది, మొత్తం బరువులో 20 శాతం లేదా 20 గ్రాములు, రెండిట్లో ఏది తక్కువైతే అది. ఉల్క ఎవరికి చెందుతుందనేది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది, అమ్మే ఆలోచన ఉంటే ముందు అది కనుక్కోండి.

ప్రశ్న: అన్నీ చేశాక పైన ఏం పూయాలి? నూనె, మైనం, వార్నిష్? ఎక్కడ దాచాలి?

జవాబు: ముందు దాచడం, పూత ఆ తర్వాత. ఏ పూత అయినా తేమని కాస్త ఆలస్యం చేస్తుందే గానీ ఆపేయదు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి, పక్కన చిన్న తేమ మీటర్ పెట్టండి. శుభ్రమైన ముక్కకి 40 శాతం కన్నా తక్కువ తేమ ఉంటే ఫర్వాలేదు. చెమట చుక్కలు పట్టిన చరిత్ర ఉన్న ముక్కకి మాత్రం అది చాలదు, 15 శాతం దగ్గరికి తేవాలి. రంగు మారే సిలికా జెల్ అయితే ఎప్పుడు తడిసిందో తెలుస్తుంది, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. నీలం రంగుది వద్దు, అందులో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, నారింజ రంగుది తీసుకోండి.

పూతల్లో మైక్రోక్రిస్టలైన్ మైనం నాకు నచ్చుతుంది, ముక్క గోరువెచ్చగా ఉన్నప్పుడు పలుచగా రుద్దితే పగుళ్లలోకి దిగుతుంది, కావాలంటే తీసేయొచ్చు. మిషన్ ఆయిల్ చౌక, కానీ దుమ్ము పడుతుంది, అప్పుడప్పుడూ మళ్లీ పూయాలి. వంటనూనె వద్దు, జిగురై గట్టిపడుతుంది. వార్నిష్, నెయిల్ పాలిష్ లాంటివి క్లోరైడ్ పూర్తిగా పోయిందని నమ్మకం ఉంటే తప్ప వద్దు, లేదంటే తుప్పు ఆ పారదర్శక పొర కిందే పాకుతుంది, మీరు చూస్తూ ఉండాల్సిందే తప్ప చేయి పెట్టలేరు.

వట్టి చేతులతో పట్టుకోకండి, చెమటలో ఉప్పు ఉంటుంది. నూలు గ్లోవ్స్ ఒక జత ఆ డబ్బా పక్కనే ఉంచేయండి. డబ్బా మీద ఒక చీటీ అంటించి ఉల్క పేరు, బరువు, ఏ తేదీన ఏ రసాయనంలో ఎన్నాళ్లు ఉంచారో, పైన ఏం పూశారో రాయండి. చికిత్సకి ముందూ తర్వాతా బరువు చూసి అదే చీటీ మీద రాసుకుంటే, మళ్లీ మచ్చ కనిపించినప్పుడు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలుస్తుంది.